టాంగో వినేవారికి తలకిందుల సలహాలు

సింగరకొండ తిరునాళ్లలో తెల్లవార్లూ పద్యనాటకం విన్న చెవికి అర్జెంటీనా టాంగో కొరుకుడు పడనిదేం కాదు. అయితే నాట్యానికి కాక వినడానికే రాసిన టాంగో ఒకటుంది. నలుగురైదుగురు వాద్యకారులు దగ్గరగా కూర్చుని వాయిస్తారు. అలాంటి రికార్డు చేతికొస్తే పెద్దలు చెప్పే సలహా ఒకటే: కళ్లు మూసుకుని భావంలో మునగమని. అద్దంకి శ్రోతలకు నా మాట దానికి ఎదురు. ముందు నడక, తర్వాత శ్రుతి, భావం చిట్టచివర.

1. నాట్యాన్ని తలుచుకోకండి

టాంగో స్వరకర్త ఆస్టర్ పియాసొల్లా (1921–1992) 1980ల్లో ఫ్లూటుకీ గిటారుకీ 'ఇస్త్వార్ దు టాంగో' రాశాడు. అందులో నాలుగు భాగాలు: 1900 నాటి వేశ్యాగృహం, 1930 నాటి కఫే, 1960 నాటి నైట్‌క్లబ్, నేటి కచేరీ. మొదటిది గంతులేస్తుంది. రెండోదానికి నడక మందగిస్తుంది, ఎందుకంటే అప్పటికి జనం ఆడటం తగ్గించి కూర్చుని వింటున్నారు. కళ్ల ముందు జంటలు తిరుగుతుంటే ఈ తేడా చెవిన పడదు.

2. వయొలిన్‌ను వదిలేయండి

మొదటిసారి వినేటప్పుడు పైన పాడే వాద్యం జోలికి పోవద్దు. టాంగో బృందంలో మామూలుగా మద్దెల లాంటిదేదీ ఉండదు. తాళాన్ని మోసేది డబుల్ బేస్, పియానో మీద ఎడమ చెయ్యి. ఆ అడుగు పట్టు దొరికాకే పైకి రండి.

3. ఎనిమిదిని నాలుగూ నాలుగుగా విరవకండి

పియాసొల్లాకి ఇష్టమైన విరుపు మూడు, మూడు, రెండు. 'తకిట తకిట తక' అని నోటితో అంటూ 1974 నాటి 'లిబర్టాంగో' వినండి, అతుక్కుపోతుంది. పొడుగు, పొడుగు, ఆ వెంటనే పొట్టి: ఊపంతా ఆ పొట్టి ముక్కలో ఉంది. ఈ సూత్రం మన ఊరికి కొత్తది కాదు. 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలోని పద్యం తరువోజ. మూడు ఇంద్రగణాలు సాగి, ఒక పొట్టి సూర్యగణం దగ్గర విరిగి, మళ్లీ అదే వరస. లెక్క వేరు, విరుపు గుణం ఒకటే. తరువోజను నాలుగుసార్లు గొంతెత్తి చదివి ఆ తర్వాత రికార్డు పెట్టండి.

4. వేగాన్ని గడియారంతో కొలవకండి

పద్యనాటకంలో నటుడు రాగం తీస్తుంటే తాళం ఉండదు. హార్మోనిస్టు అతని ఊపిరి కనిపెట్టి వెంట నడుస్తాడు. చిన్న బృందపు టాంగోలోనూ కండక్టర్ ఉండడు, ఒకరి విల్లు చూసి మరొకరు ఆగుతారు. 1959లో తండ్రి మరణవార్త విని పియాసొల్లా రాసిన 'అడియోస్ నోనినో'లో ఉరుకూ ఉంది, నడక తెగిపోయినట్టుండే నెమ్మదీ ఉంది. నిమిషానికి ఇన్ని దెబ్బలన్న అంకె ఆ రెంటి మధ్య ఆగిన ఊపిరిని చెప్పలేదు.

5. శ్రుతిని హార్మోనియం మీదే వెతకండి

గమకం పలకదన్న కారణంతో 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గడప దాటనివ్వలేదు. 1971కి గాని ఆ పట్టు సడలలేదు. మన పనికి మాత్రం ఆ కదలని రీడే కావాలి. టాంగోకి ప్రాణమైన బాండోనియన్ కూడా తిత్తి గాలికి పలికే రీడు వాద్యమే. 'లిబర్టాంగో'ది ఎ మైనర్, అంటే మన లెక్కలో ఆరు శ్రుతి. ఆ షడ్జమం నొక్కి పట్టి నటభైరవి, కీరవాణి మెట్లు రెండూ వేసి చూడండి. మన కచేరీలో ఆధార షడ్జమం చివరిదాకా కదలదు. పాశ్చాత్య రచనలో అది మధ్యలోనే చోటు మారవచ్చు. మీరు పట్టిన మెట్టు ఎక్కడ గరగరలాడిందో అక్కడ గుర్తు పెట్టుకోండి.

6. మైనర్ అంటే శోకమని రాసుకోకండి

'లిబర్టాంగో' మైనరే, అయినా అందులో ఏడుపు లేదు, ముందుకు తోసే పట్టుదల ఉంది. 'ఇస్త్వార్ దు టాంగో'లోని 1930 కఫే భాగం మైనర్‌లో మొదలై మధ్యలో మేజర్‌కి తేరుతుంది. దిగులు అక్కడితో తీరదు, ఇంకాస్త లోతుకు దిగుతుంది. మెట్లు ఒకటి చెబుతుంటే నడక మరొకటి చెబుతుంది. ఆ రెంటి రాపిడిలోనే భావం పుడుతుంది.

7. ఒక్క రికార్డుతో తృప్తి పడకండి

1982లో పియాసొల్లా చెల్లోకీ పియానోకీ రాసిన 'లె గ్రాన్ టాంగో'ను వయొలినిస్టు గిడాన్ క్రేమర్ 1996 నాటి ఆల్బంలో వయొలిన్ మీద వాయించాడు. మరుసటి ఏడాది చెల్లో విద్వాంసుడు యోయో మా తన ఆల్బంలో చెల్లో మీదే వాయించాడు. రెండూ ఒకే పూట, ఒకదాని వెంట ఒకటి వినండి. రచన ఒక్కటే, భావం మాత్రం రెండు దారుల్లో పోతుంది. భావాన్ని కాగితం మీది శ్రుతిలో వెతకడం ఎంత వృథా శ్రమో ఆ పూటే తేలిపోతుంది. వాయించేవాళ్లు ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ ఆగారో అందులో ఉంది భావం. దాన్ని పట్టుకునే చెవిని మనకు నాటకాల హార్మోనిస్టులు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టారు. నమ్మి వాడుకోండి.