పెరుగు పుల్లబడేదాకా వదిలేయండి

పెరుగు తోడుపెట్టడం గురించి ఎవరిని అడిగినా చివర్లో ఒక హెచ్చరిక తప్పదు: తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి, లేకపోతే పుల్లబడుతుంది అని. నేను చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు. పెట్టకండి. తోడుకున్న గిన్నెను వంటింటి గట్టు మీదే ఉంచండి. మధ్యాహ్నం అన్నంలోకి కావలసినంత తీసుకోండి. మిగిలినదాన్ని వేసవిలో అయితే సాయంత్రందాకా, మిగతా కాలాల్లో మర్నాటి పొద్దుటిదాకా కదపకుండా వదిలేయండి. నాలిక మీద వేసుకుంటే కళ్లు మూతపడేంత పులుపు ఎక్కాక అది వంటకు పనికొస్తుంది. అప్పటిదాకా అది అన్నంలో కలుపుకోవడానికి మాత్రమే పనికొచ్చే పెరుగు.

కమ్మటి గడ్డపెరుగు మీద మోజు పెరిగినకొద్దీ మన వంటలు చప్పబడుతున్నాయని నా గట్టి నమ్మకం. మజ్జిగ పులుసులో నిమ్మకాయ పిండేవాళ్లున్నారు, చింతపండు రసం పోసేవాళ్లున్నారు. పెరుగు పుల్లగా లేదు కాబట్టి పులుపును బయటినుంచి అరువు తెచ్చుకుంటున్నారన్నమాట. దుకాణంలో కొన్న ప్యాకెట్ పెరుగుతో ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. రోజులతరబడి అల్మరాలో నిలవ ఉన్నా పులుపెక్కకూడదని, నెమ్మదిగా పులియబెట్టే సూక్ష్మజీవులను ఏరి మరీ అందులో వాడతారు. అమ్మేవాళ్లకు అది అవసరం. ఇంట్లో తోడుపెట్టుకునే మీకు ఆ అవసరం ఏముంది?

పాలల్లో అసలు జరిగేదేమిటో తెలిస్తే ఫ్రిజ్ తలుపు తెరవడానికి చెయ్యి రాదు. తాజా పాల పీహెచ్ 6.7 దగ్గర ఉంటుంది. తోడు వేయగానే అందులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, తిని లాక్టిక్ ఆమ్లంగా మార్చడం మొదలుపెడుతుంది. పీహెచ్ 4.6 దగ్గరికి దిగేసరికి కేసిన్ అనే ప్రొటీన్ కణాలు ఒకదానికొకటి అల్లుకుని పాలు గడ్డకడతాయి. ఇంటింటి చేమిరిలో, అంటే తోడులో, ఉండే జీవులు వేరువేరుగా ఉంటాయి కానీ వరస మాత్రం ఇంచుమించు ఒకటే. ముందుగా గుండ్రటి కణాలుండే రకాలు చకచకా పనిచేస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ అవి నీరసిస్తాయి. అప్పుడు పొడుగాటి కడ్డీల్లాంటి లాక్టోబాసిల్లస్ రకాలు పని అందుకుంటాయి. పులుపును తట్టుకోవడంలో వీటికి సాటి లేదు. పీహెచ్‌ను 4 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దింపేది ఇవే. గడ్డకట్టగానే చల్లటి ఫ్రిజ్‌లో తోసేశామంటే, ఈ రెండో జట్టు పనిలోకి దిగుతున్న వేళకు దీపం ఆర్పేసినట్టే.

అందుకే మంచి పులుపు కావాలంటే తోడుపెట్టే పద్ధతే మార్చాలి. పెద్దవాళ్లు చెప్పే సూత్రం ఇది: పాలు గోరువెచ్చగా ఉండాలి, తోడు తియ్యగా ఉండాలి, అదీ నామమాత్రంగా వేయాలి. కమ్మటి పెరుగుకు ఈ మూడూ సరైనవే. పుల్లటి పెరుగుకు మూడూ తిరగేయండి. పాలు గోరువెచ్చదనం దాటి, వేలు పెడితే కాస్త చురుక్కుమనేలా, 43 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. కడ్డీ రకాలకు ఆ వేడి ఇష్టం. 50 దాటనిస్తే మాత్రం అవి దెబ్బతింటాయి, జాగ్రత్త. తోడు నిన్నటి పుల్లటి పెరుగులోంచే తీయండి. పులిసిన పెరుగులో బతికున్నవి ఎక్కువగా పులుపును ఓర్చే రకాలే కాబట్టి, రోజూ అందులోంచే తోడు తీస్తూ పోతే మీ చేమిరి రోజురోజుకూ పదునెక్కుతుంది. అర లీటరు పాలకు నిండుగా ఒక పెద్ద చెంచా వేసి, బాగా కలిపి, గిన్నెకు మందపాటి గుడ్డ చుట్టి వెచ్చటి చోట పెట్టండి.

ఇలా తోడుకున్న పెరుగు కోస్తే ముక్కగా రాదు. కొంచెం రవ్వగా ఉంటుంది, నీరు విడుస్తుంది. త్వరగా పులిసిన పెరుగు బిగుసుకుని తనలోని నీటిని బయటికి నెట్టడమే ఇందుకు కారణం. ఉండనివ్వండి. ఆ నీటిని పారబోయడం నేను ఒప్పుకోలేని పని. అందులో కనిపించే లేత ఆకుపచ్చ ఛాయ రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్‌ది. చపాతీ పిండి కలపడానికి, చారులో పోయడానికి, ఏదీ కాకపోతే ఉప్పు, శొంఠి వేసుకుని తాగడానికి ఆ నీరు పనికొస్తుంది.

పాల విషయంలో ఒకటి మాత్రం నేను తిరగేయను. పచ్చిపాలు తోడుపెట్టకండి. క్షయ, బ్రుసెల్లోసిస్ లాంటివి పచ్చిపాలతో వస్తాయి, పులుపు వాటిని చంపేస్తుందని నమ్ముకోవడానికి లేదు. పొంగు రాగానే దించేయకుండా సన్నటి మంట మీద పది నిమిషాలు మరగనిస్తే పాల విరుగుడులోని ప్రొటీన్లు కూడా కేసిన్‌కు అతుక్కుని పెరుగుకు బలమిస్తాయి. పల్లెల్లో పిడకల దాలి మీద పూటంతా కాగి ఎర్రబడిన పాలతో తోడుపెట్టిన పెరుగు పులిసినా విరిగిపోకుండా నిలిచేది ఇందుకే. చిక్కటి పాలు కొనక్కర్లేదు. కొవ్వు 6 శాతం ఉండే ఫుల్‌క్రీమ్ పాలు పులుసుకోసం పోయడం దండగ. 3 శాతం కొవ్వుండే టోన్డ్ పాలు చాలు, వాటి పులుపు సూటిగా తగులుతుంది. గేదెపాల వెన్న ఆ పులుపును కప్పేస్తుంది.

గిన్నె సంగతి. ఈ మధ్య అందరూ మట్టిపిడతలు కొంటున్నారు. మట్టి నీటిని పీల్చుకుంటుంది, ఆ నీరు ఆవిరవుతూ గిన్నెను చల్లబరుస్తుంది. అందువల్ల పెరుగు గట్టిపడుతుంది, నిదానంగా పులుస్తుంది. మీకు కావలసింది దీనికి వ్యతిరేకం కాబట్టి స్టీలు గిన్నె గానీ పింగాణీ జాడీ గానీ తీసుకోండి. రాచిప్ప ఉంటే ఇంకా మంచిది. కళాయి లేని ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దే వద్దు. పులుపు లోహాన్ని తినేస్తుంది.

ఇంట్లో పసిపిల్లలు, కడుపులో మంటతో బాధపడేవాళ్లు ఉంటే వాళ్లకు తియ్యటి పెరుగు ఉండాల్సిందే. దానికోసం రెండు చేమిర్లు పెట్టుకోండి. తియ్యదాన్ని చిన్న గిన్నెలో ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజులకోసారి కొత్త పాలు పోస్తూ ఉండండి. పుల్లటిది బయటే ఉంటుంది, రోజూ పని చేస్తుంది. రెండింటికీ ఒకే చెంచా వాడకండి. చలిదేశాల్లో ఉండే తెలుగువాళ్లు ఓవెన్‌లో లైటు వేసి గిన్నె లోపల పెడతారు కదా, తోడుకున్నాక కూడా ఇంకో పూట ఆ లైటు అలాగే వెలగనివ్వండి. చేమిరి దొరకని చోట కాచి ఆరబెట్టిన వెచ్చటి పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసి మూతపెట్టండి. మొదటిసారి నీళ్లనీళ్లగా వస్తుంది. దాన్ని తినకుండా తోడుగా వాడితే రెండోసారికి దారిలో పడుతుంది.

పుల్లబడటానికీ చెడిపోవడానికీ తేడా ముక్కుకూ కంటికీ తెలుస్తుంది. బూజు, గులాబీ లేదా నారింజ మచ్చలు, నాలిక మీద చేదు, చెంచా ఎత్తితే తీగలా సాగే జిగురు, నురగలు కట్టి సారా వాసన, వీటిలో ఏది కనిపించినా గిన్నె మొత్తం పారబోసి, పాత్రను మరిగే నీళ్లతో కడిగి, కొత్త చేమిరితో మొదలుపెట్టండి. పైన పైన తీసేసి అడుగుది వాడుకుందామనుకోకండి.

పుల్లపెరుగు ఆరోగ్యానికి మంచిదని మిమ్మల్ని ఊరించను. స్తామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా విద్యార్థి 1905లో జెనీవాలో తన దేశపు పెరుగులోని కడ్డీ బ్యాక్టీరియాను గుర్తించాడు. పులిసిన పాలు తాగితే ముసలితనం వెనక్కి పోతుందని ఇల్యా మెచ్నికోవ్ ప్రచారం చేశాడు, తానూ రోజూ తాగాడు. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. 71 ఏళ్లకు, 1916లో, చనిపోయాడు. ఆయుష్షు లెక్కలు అలా ఉంచండి. పులుపు రుచిగా ఉంటుంది, ఆ కారణం చాలు.

ఇక వంట. మజ్జిగ పులుసుకు ఆనపకాయ, బూడిదగుమ్మడి, చామదుంప, బెండకాయ, ఏదైనా సరే, ముక్కలను ముందే ఉప్పు, పసుపు వేసి విడిగా ఉడికించాలి. పులుపు తగిలాక కూరముక్క మెత్తబడదు, ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటుంది. చాలామంది ముక్కలూ మజ్జిగా కలిపి పొయ్యి మీద పెట్టి, ముక్క ఉడకలేదని మంట పెంచి, మజ్జిగను విరగ్గొట్టుకుంటారు. నానబెట్టిన శనగపప్పు, ఒక చెంచా బియ్యం, ధనియాలు, అల్లం, పచ్చిమిర్చి మెత్తగా రుబ్బి పుల్లమజ్జిగలో కలపండి. అందులోని పిండి పదార్థం పాల ప్రొటీన్లు ముద్దకట్టకుండా అడ్డుపడుతుంది. ఉడికిన ముక్కల్లో ఇది పోసి, సన్నటి మంట మీద గరిటె ఆపకుండా తిప్పుతూ ఒక్క పొంగు రానిచ్చి దించేయండి. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. మజ్జిగ ఎంత పుల్లగా ఉందో చూసుకుని నీళ్లు పోయండి. పులుపు ఎక్కువైందని తినేసోడా కలిపేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. సబ్బు రుచి వస్తుంది.

సోడాకు చోటు వేరే ఉంది. మైసూరు బజ్జీ పిండిలో పుల్లపెరుగు, చిటికెడు సోడా కలిసినప్పుడే గాలి పుట్టి బజ్జీ లోపల గుల్లబారుతుంది. తియ్యటి పెరుగుతో కలిపితే సోడా మిగిలిపోయి బజ్జీ ఎర్రగా, చేదుగా వస్తుంది. బియ్యప్పిండిని రాత్రే పుల్లమజ్జిగలో కలిపి నానబెట్టి పొద్దున పోసే పుల్లట్లకు మినప్పప్పే అక్కర్లేదు. రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె సంగతీ అంతే. రాగి అంబలిలో, జొన్న అంబలిలో తియ్యటి మజ్జిగ పోస్తే గింజ పచ్చివాసన అలాగే ఉండిపోతుంది.

నెయ్యి గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ఇంటి నెయ్యి వాసన కాచేటప్పుడు మాత్రమే పుట్టేది కాదు, అందులో పెద్ద వాటా పులిసిన మీగడది. రోజువారీ మీగడను తోడు లేకుండా డబ్బాలో వేసి వారంపాటు ఫ్రిజ్‌లో దాచడం వల్ల చలికి కూడా పెరిగే బ్యాక్టీరియా చేరి మీగడ చేదెక్కుతుంది. మొదటి రోజు మీగడలోనే ఒక చెంచా పుల్లపెరుగు కలపండి. ఆ పులుపే మిగతా రోజుల మీగడను కాపాడుతుంది. చిలికే ముందురోజు డబ్బాను బయటపెట్టి, ఇల్లంతా పులుపు వాసన వచ్చేదాకా ఉంచండి. ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకున్నా మీరు కంగారుపడకండి. తెల్లవారుజామున చల్లటి నీళ్లు పోసి చిలికితే వెన్న త్వరగా ముద్దకడుతుంది. ఆ వెన్న కాచిన నెయ్యి పూసపూసగా పేరుకుంటుంది. మిగిలిన చల్ల మీకు దొరికే మజ్జిగలన్నిటిలోకీ మంచిది, దాన్ని చుట్టాలకు పోయండి. పుల్లగా ఉందని సంజాయిషీ చెప్పకండి. ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసి ఇవ్వండి.

మండు వేసవిలో పులుపు అదుపు తప్పి, అన్నంలోకీ పులుసుకూ పనికిరానంతగా ముదిరితే సంతోషించండి. చల్లమిరపకాయలకు సమయం వచ్చింది. కండగల పచ్చిమిరపకాయలు తొడిమలతో సహా తీసుకుని, ఒక్కొక్కదానికి నిలువుగా గాటు పెట్టి, ఉప్పు దండిగా వేసిన పుల్లమజ్జిగలో జాడీలో వేసి మూడు రోజులు ఊరనివ్వండి. నాలుగో పొద్దున కాయలను తీసి చాప మీద ఎండబెట్టండి. మజ్జిగను పారబోయకండి, సాయంత్రం కాయలు మళ్లీ అందులోకే వెళ్లాలి. మజ్జిగ మొత్తం కాయలు పీల్చుకునేదాకా రోజూ ఇదే పని. చివరికి గింజలు గలగలమనేలా ఎండాక డబ్బాలో పోసుకుంటే వచ్చే వేసవిదాకా ముద్దపప్పుకు తోడుంటాయి. ఇక్కడ కాయను కాపాడేవి మూడు: ఉప్పు, ఎండ, పులుపు. వీటిలో పులుపు తక్కువైతే జాడీలోనే బూజు పట్టే ప్రమాదం ఉంది. కాబట్టి మజ్జిగ ఇంకా కమ్మగా ఉంటే మిరపకాయలు కొనడానికి తొందరపడకండి, మరో రెండు రోజులు ఆగండి.