రీచార్జి చెయ్యని షావుకారు గారు

మార్కెట్ డల్‌గా ఉందన్న సంగతి రిజర్వు బ్యాంకు గవర్నరు కంటే ముందు మన చిన్న షావుకారు గారికి తెలుస్తుంది. కొట్టు బట్టలదో ఎలక్ట్రికల్ సామానుదో, ఊరు తెనాలో జగిత్యాలో కావచ్చు, మనిషి మాత్రం ఒక్కరే. పన్నెండైనా బోణీ కాకపోతే ఆయన గల్లాపెట్టె మీద చెయ్యి వేసుకుని తలెత్తుతారు. పైన ఫ్యాను, గోడన రూటరు కనిపిస్తాయి. ఫ్యాను ఆపితే తనకు ఉక్కపోత. రూటరు ఆపితే ఎవరికీ చెమట పట్టదు గనక సాయంత్రానికల్లా దాని ప్లగ్గు పీకేస్తారు. వారం తిరక్కుండా కొట్టు ఫోను రీచార్జి కూడా అయిపోతుంది. "మనకు ఇన్‌కమింగ్ వస్తే చాలురా" అంటారు. ఉత్త ఇన్‌కమింగ్‌కు కూడా నెలనెలా డబ్బు కట్టాల్సిన రోజులొచ్చి చాలాకాలమైందని గుమాస్తా చెప్పబోయి, తన జీతం ఇంకా రాలేదని గుర్తొచ్చి నోరు మూసుకుంటాడు.

ఆయనను పిసినారి అనడం అన్యాయం. అదే నెలలో వినాయక చవితి చందా రాశారు, కొట్టు ముందు ఎల్‌ఈడీ బోర్డు మార్పించారు, దేవుడి బొమ్మల క్యాలెండర్లకు అడ్వాన్సిచ్చారు. కళ్లకు కనిపించే ఖర్చంటే ఆయనకు పరువు, కనిపించనిదంటే దుబారా. ఫోను కనెక్షన్ కనిపించదు. దాన్ని కోసేసినందువల్ల పోయిన బేరం అసలే కనిపించదు. రాని మనిషిని లెక్కరాసే పద్దు ఏ ఖాతా పుస్తకంలోనూ లేదు. ఆయన పొరపాటంతా ఇక్కడే ఉందని నా వాదన. మాంద్యంలో కరువయ్యేది సరుకు కాదు, జనం బజారుకు రావడం. చేతిలో డబ్బు ఆడనప్పుడు పల్లె నుంచి వచ్చే మనిషి బస్సు చార్జీ గురించి కూడా ఆలోచిస్తాడు. ఫలానా మోటారు ఉందా, రేటెంత అని ముందే అడిగి బయల్దేరుతాడు. ఎవరు ఫోనెత్తితే బేరం వాళ్లది. అరువుల సంగతీ అంతే. డల్ రోజుల్లో కొట్టును నిలబెట్టేవి పాత బాకీల వసూళ్లు, బాకీదారులా తమంతట తాము గుమ్మమెక్కరు. సెల్లులో ఒక నమ్రమైన మెసేజి పెడితే సగంమంది సిగ్గుపడతారు. మిగతా సగం చదివి ఊరుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

ఈ సూత్రం ఆయనకు తెలియనిదేమీ కాదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, పెళ్లిబట్టల బేరం పడిపోతుంది. అప్పుడు తెలుగు బట్టల వ్యాపారం ముసుగుతన్ని పడుకుందా? తగ్గింపు ధరలని దండోరా వేసి, ఆ శూన్యమాసాన్నే అమ్మకాల పండగ చేసుకుంది. బేరం లేనప్పుడు గొంతు పెంచాలని పంచాంగం చెబితే షావుకారు గారు నమ్ముతారు, అదే మాట ఆర్థిక వ్యవస్థ చెబితే మాత్రం నమ్మరు. దాని సాక్ష్యాలూ ఆయన కళ్లముందే జరిగాయి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాక, ఫోనులో డబ్బు తీసుకోవడం నేర్చుకున్న కూరగాయల బండికి బేరం సాగింది, చిల్లర లేదని బోర్డు పెట్టినవాళ్లకు ఆగింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, సరుకుల చీటీని వాట్సాప్‌లో ఫోటో పంపితే సంచి కట్టి ఇంటికి చేర్చిన కిరాణా కొట్లు నిలదొక్కుకున్నాయి. ఆ కొట్లవాళ్లు కొత్త యంత్రాలేమీ కొనలేదు, ఉన్న ఫోనుకు జవాబు చెప్పారు, అంతే.

దీనికి షావుకారు గారి దగ్గర రెండు జవాబులున్నాయి. మొదటిది, "మా గిరాకీ అంతా నా మొహం చూసి వస్తారండీ." నిజమే, కానీ ఆ మొహం చూడాలంటే కొట్టు దాకా రావాలి, వాళ్లు రావడమే తగ్గింది గదా! రెండో జవాబు మాత్రం గట్టిది. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి వెబ్‌సైటన్నాడు, యాప్ అన్నాడు, వేలు పుచ్చుకుని మాయమయ్యాడు. ఆ వెబ్‌సైటులో ఇప్పటికీ "త్వరలో వస్తున్నాం" అనే ఉంది. అప్పు తెచ్చి ఇలాంటి హంగులు కొనమంటే వద్దనడం ముమ్మాటికీ తెలివైన పనే, వడ్డీ తన్నేది ఆయన్నే గానీ ఆ కుర్రాణ్ణి కాదు. అయితే హంగుల మీద కోపం కనెక్షన్ మీద చూపిస్తే ఎలా? సెల్‌ఫోను మన దేశానికి వచ్చిన 1995లో మాట్లాడితే నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, ఎవరైనా చేస్తే ఎత్తినందుకూ డబ్బు కట్టాలి. ఆ బాధ 2003లో తీరింది. ఆ రోజుల్లో ఫోను తగ్గించుకున్న షావుకారు లెక్కలు తెలిసినవాడు. ఇవాళ నెల రీచార్జి ఒక చీర మీద మిగిలే లాభమంత. పైగా దాని మీద పడే 18 శాతం జీఎస్టీని మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన పన్నులో మినహాయించుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు, అయినా అదేమంత కొంపముంచే మొత్తం కాదు.

కొంపముంచేది ఇంకొకటుంది. 90 రోజులు వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు, ఆ తర్వాత ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. బోర్డు మీద, బిల్లుబుక్కు మీద, నాలుగేళ్ల క్యాలెండర్ల మీద ఉన్నది ఆ నంబరే. పట్టుపరికిణీ రేటు అడుగుదామని ఫోను చేసిన ఇల్లాలికి ఏ జిల్లాలోనో కోళ్లఫారం మేస్త్రీ పలికి, బ్రాయిలరా, నాటుకోడా అని అడుగుతాడు.

ఇది చదువుతున్నవారిలో షావుకార్లు ఎవరైనా ఉంటే, బేరం లేక ఎలాగూ ఖాళీగానే ఉన్నారు గనక, పక్క కొట్టాయన ఫోను తీసుకుని మీ బోర్డు మీది నంబరుకు ఒక్కసారి రింగు ఇచ్చి చూడండి.