తెరచాప పడవ ఆత్మకథ

జహీరాబాద్‌లో, ముంబై హైవే పక్కన, పాత సామాన్ల దుకాణం వెనక పడి ఉన్నాను. నా పేరు ఆప్టిమిస్ట్. ముక్కు చదునుగా, ఒకే తెరచాపతో ఉండే పిల్లల పడవను. పొడవు 2.3 మీటర్లు, ఒంటి బరువు 35 కిలోలు. మా తొలి పడవను 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించాడు.

హుస్సేన్ సాగర్‌లో ఎందరో పిల్లలు నాలో కూర్చుని గాలిని పట్టడం నేర్చుకున్నారు. అంతకన్నా ముఖ్యం, తప్పుకోవడం నేర్చుకున్నారు. రెండు తెరచాప పడవలు దగ్గరైతే, ఎడమ పక్క గాలి తగిలే పడవ తప్పుకోవాలి. కుడి పక్క గాలి ఉన్నవాళ్లు "స్టార్‌బోర్డ్!" అని కేకేసేవారు. రెండింటికీ ఒకే పక్క గాలి అయితే, గాలి వచ్చే వైపున్న పడవ దారివ్వాలి. వెనక నుంచి దాటేది ఏ పడవైనా, ఎడంగా ఉండాల్సిన పూచీ దానిదే. దేశాలు 1972లో ఒప్పుకుని, 1977 నుంచి పాటిస్తున్న సముద్ర నిబంధనల్లోనూ ఇంతే. హైవే మీద ఎడమకు నడిపే అలవాటు నీళ్లలో పనికిరాదు. ఎదురెదురుగా వచ్చే మరబోట్లు రెండూ కుడికి తిరగాలి.

అవతలి పడవ దగ్గరవుతున్నా, అది కనిపించే దిక్కు మారకపోతే ఢీకొనబోతున్నట్టే. తప్పుకునేవాళ్లు ముందుగానే, ఎదుటివాళ్లకు తెలిసేంతగా మళ్లించాలి. దారి ఉన్నవాళ్లు నిలకడగా సాగాలి. అవతలివాళ్లు తప్పుకోవడం లేదని తేలిపోతే తామూ తప్పుకోవాలి.

ఒక సాయంత్రం దారి మాదే. ఎదుటి కుర్రాడు చివరిదాకా ఆగి, చుక్కాని కొంచెమే తిప్పాడు. నన్ను నడిపే అమ్మాయి దారి తనదే కదా అని అలాగే పోయింది. నా ముందరి అంచు పగిలింది. అతికించారు కానీ అతుకు నిలవలేదు.

తర్వాత జహీరాబాద్ దగ్గర పొలమున్న ఒకాయన, కుంటలో వేసుకుందామని కొన్నాడు. కుంట ఎండిపోయింది. నన్ను తిరగేసి పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు; వాన నీళ్లు నిలిచి దోమలు పెరిగాయి. గోడ కట్టేటప్పుడు నా కడుపులో సిమెంటు కలిపారు. ఆ గట్టి పొరలు ఇంకా వదల్లేదు. గాలిని పట్టిన నా తెరచాపను అల్లం కుప్ప మీద కప్పి, చిరిగాక పారేశారు. చుక్కాని ఎటు పోయిందో తెలియదు. చివరికి నన్ను తూకానికి అమ్మారు.

దగ్గరి బడి పంతుళ్లారా, నన్ను తీసుకుపోండి. ఇక నీళ్లలో దించలేకపోయినా, నేల మీదే పిల్లల్ని నాలో కూర్చోబెట్టి, ఏ పక్క గాలి తగిలితే ఎవరు తప్పుకోవాలో నేర్పవచ్చు.