ఉస్తాద్ అడిగిన నిమిషం

పత్తి సీజన్ మంచి ఊపులో ఉంది. మద్నూర్ జిన్నింగ్ మిల్లుల ముందు బండ్లు బారులు తీరుతున్నాయి. ఆ రోజుల్లో డోంగ్లిలో రోడ్డు పక్క షెడ్డుకు ఒక డీసీఎం కూత పెట్టుకుంటూ వచ్చి ఆగింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంజన్ లోపలి నుంచి సన్నగా లేస్తోంది ఆ కూత. వెనకాల నీలం పొగ.

"ఉస్తాద్, మల్ల పోయినట్టుందే!" డ్రైవర్ మొహం వాడిపోయి ఉంది.

దసరా ముందే ఆ బండికి టర్బో మార్చారు. పట్నంలో వేయించిన కొత్త టర్బోకు 28,000 అయింది. ఆ మొత్తాన్ని ఓనర్ సేఠ్ డ్రైవర్ ఖాతాలో రాయించాడు. బండి నడిపేవాడు సరిగా నడిపితే సామాను ఎందుకు పోతుందన్నది ఆయన వాదన. నెలకు 3,000 చొప్పున పగార్లో కోత పడుతోంది. ఆ బాకీలో సగం కూడా తీరకముందే ఇదిగో, రెండోది.

డోంగ్లి మండలమై ఎంతో కాలం కాలేదు, 2022లో అయింది. అంతకుముందు మద్నూర్ మండలంలో ఒక ఊరు. నల్లరేగడి నేల, పత్తి, సోయా, కంది. కాస్త ముందుకు పోతే మహారాష్ట్ర. ఇక్కడి మాటలో తెలుగు, మరాఠీ కలిసే నడుస్తాయి. పంట చేతికొచ్చిన రెండు మూడు నెలలే బండ్లకు అసలు పని. ఆ నెలల్లో బండి షెడ్డులో పడితే డ్రైవర్‌కు భత్యం కూడా ఉండదు.

ఉస్తాద్ గాలి గొట్టం ఊడదీశాడు. లోపలికి వేళ్లు పెట్టి ఫ్యాన్ నట్టు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టకటకలాడింది. రెక్కల అంచులు లోపలి గోడను గీరి తళతళ మెరుస్తున్నాయి. గొట్టం నిండా ఆయిల్. చాలామంది మెకానిక్‌లు ఇంతవరకే చూసి 'టర్బో పోయింది, కొత్తది తెండి' అంటారు. పట్నంలో అదే జరిగింది. ఉస్తాద్ మాత్రం టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నటి పైపును విప్పి నోటితో ఊదాడు. గాలి పోలేదు. సన్న తీగ తీసుకుని లోపల పొడిచాడు. కింద పరిచిన పేపరు మీద నల్లటి పలుకులు రాలాయి. పాత టర్బో తీసిన పట్నంవాళ్లు పైపు మార్చకుండా అదే బిగించి పంపారు.

"దీనికి నూనె అందలే తమ్మీ. ఇంకో పది టర్బోలు ఎక్కించినా గిట్లనే పోతయి."

టర్బో చేసే పని వినడానికి తేలికే. పొగగొట్టం వైపు పోయే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అటు చివరనున్న చక్రం తాజా గాలిని ఇంజన్‌లోకి కుక్కుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. లోడు మీద ఆ ఇరుసు నిమిషానికి 1,00,000 చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని మోసేది పలుచని నూనె పొర మాత్రమే. పక్కనే ఐదారు వందల డిగ్రీల సెగ. తాళం తిప్పి ఇంజన్ ఆపిన క్షణంలో ఆయిల్ పంపు ఆగిపోతుంది, సెగ మాత్రం ఎక్కడికీ పోదు. లోపల నిలిచిన ఆ కాస్త నూనె మాడి మసి కడుతుంది. రోజుకు కొంత చొప్పున ఆ మసి పేరుకుని దారి మూసేస్తుంది. లోడుతో వచ్చిన బండిని ఒక్క నిమిషం ఖాళీగా తిరగనిస్తే చాలు, ఆ నూనే వేడిని మోసుకుపోతుంది.

"మిల్లు కాడ బండి ఎట్ల ఆపుతవ్?"

"ఆగంగనే తాళం తీస్త ఉస్తాద్. సేఠ్ గేటు కాడనే కూసుంటడు. ఇంజన్ ఊకె తిరిగిందంటె 'డీజిల్ పుక్కట్ల వస్తుందా' అని అందరి ముందట ఒర్లుతడు."

సేఠ్ ఇంకో టర్బో పంపాడు. ఉస్తాద్ పని చేసిన తీరు చూసి తీరాలి. పాత ఆయిల్ అంతా దించేశాడు. ఫిల్టర్, ఆయిల్ పైపు కొత్తవి వేశాడు. ఇంటర్‌కూలర్ విప్పి అందులో చేరిన నూనె కడిగాడు. అది అలాగే ఉంటే ఇంజన్ ఆ నూనెనే తాగి అదుపు తప్పే ప్రమాదం ఉంది. ఆయిల్ దారుల దగ్గర గాస్కెట్ పేస్టు చుక్క కూడా పెట్టలేదు. టర్బో నోట్లో కొంచెం ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పాడు. డీజిల్ అందకుండా చేసి సెల్ఫ్ కొట్టించాడు. కింది గొట్టంలో ఆయిల్ ధార కనిపించాకే ఇంజన్ స్టార్ట్ చేయనిచ్చాడు. కూత లేదు, పొగ లేదు.

సాయంత్రం సేఠ్ వచ్చాడు. ఉస్తాద్ ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, మసి పట్టిన పైపు చేతిలో పెట్టి అంతా విడమరిచి చెప్పాడు. ఒక చాయ్ గ్లాసులో అడుగు తడిసేంత డీజిల్ పోసి చూపించాడు.

"ఒక నిమిషం ఊకె తిరిగితె గింతనే తాగుతది సేఠ్. గింత మిగిలించవోయి రెండు టర్బోలు పోగొట్టుకున్నం. డ్రైవర్ తప్పేం లేదిండ్ల."

సేఠ్ మూర్ఖుడు కాదు. పైపును వెలుతురులో పెట్టి చూశాడు. లోడు లేకుండా వచ్చినప్పుడు కూడా ఆగాలా అని అడిగాడు. అసలు నిమిషం సరిపోతుందా, రెండు కావాలా అని అడిగాడు. చివరికి తల ఊపాడు. "నువ్వు చెప్పింది నిజమే ఉస్తాద్. ఇన్ని రోజులు నాకెవ్వలూ గిట్ల సమజ్ చెయ్యలే."

గోడకానుకుని నిలబడ్డ డ్రైవర్ కళ్లు తుడుచుకున్నాడు.

సేఠ్ ఫోన్ తీసి మునీంకు కలిపాడు.

"ఇగో, రేపటి సంది మన బండ్లన్నీ ఆగినంక ఒక నిమిషం తిరగాలె. అందరు డ్రైవర్లకు చెప్పు. దినాం పదిసార్లన్న ఆగుతయి గదా, గా డీజిల్ ఎంతయితదో లెక్క గట్టి ఎవల పగార్ల వాళ్లకు కాట్ చెయ్."

అవతల మునీం ఏదో అడిగాడు.

"టర్బోలయా? రెండిటియి కలిపి రాయి. నెలకు ఆరు వేలు."