ఇటు బడి, అటు వీధి

మనుషుల్లో రెండు మొహాలవాడంటే తిట్టు. నాకది పుట్టుక. ఒక మొహం బడి వైపు, ఇంకొకటి వీధి వైపు. బెజవాడ వన్‌టౌన్‌లో, కొండ కింద, ఓ మునిసిపల్ బడి చుట్టూ నిలబడ్డ ప్రహరీ గోడను నేను.

నన్ను కట్టేనాటికి ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ప్రకాశం బ్యారేజీ ఇంకా పుట్టలేదు, కృష్ణ మీద పాత ఆనకట్టే దిక్కు. నా పునాదిలో ఉన్నవి ఈ కొండ రాళ్లే. ఒంట్లో సిమెంటు చుక్క లేదు. ఎద్దు తిప్పిన గానుగలో ఇసుకా సున్నమూ నలిగి, వెన్నముద్దలా మెత్తనై, నా ఇటుకల మధ్య చేరాయి. మేస్త్రీ పని ముగించే ముందు నా కాళ్ల దగ్గర, జానెడెత్తున, బడి ఆవరణలో వాననీరు వీధిలోకి పోవడానికి ఒక తూము వదిలాడు. నా కథంతా దాని చుట్టూనే తిరిగింది గనక ముందే చెప్పిపెడుతున్నాను.

బడి వైపు నా బతుకు ఎక్కువగా వీపులతో గడిచింది. లెక్క తప్పితే గోడకుర్చీ. వీపు నాకు ఆనించి, మోకాళ్లు వంచి, లేని కుర్చీలో కూర్చోవాలి. కాసేపటికి తొడలు వణకడం మొదలయ్యేది. ఆ వణుకు మాస్టారి కంటే ముందు నాకు తెలిసేది. చెమటకు నా సున్నం చొక్కాకి అంటుకునేది. ఇంటికెళ్లాక వాడు నోరు విప్పకపోయినా వీపు చెప్పేసేది. తల్లి చూసి, "ఇవాళా కూర్చున్నావా!" అని అదే వీపు మీద ఒకటి వేసేది. అలా నా మూలంగా రెండుసార్లు దెబ్బలు తిన్నవాళ్లు ఈ పేటలో బోలెడుమంది.

వీధి వైపు నేను అందరి సొత్తు. 'ఇచ్చట పోస్టర్లు అంటించరాదు' అని రాసినచోటే ముందు మైదా జిగురు పడేది. 1977లో 'అడవి రాముడు' వచ్చినప్పుడు మూడు నెలలు నా మొహం నాకే కనపడలేదు. 1983 ఎన్నికలప్పుడు రాత్రికి రాత్రి నా మీద సైకిలు బొమ్మలు వేసి పోయారు. మార్కెట్‌కి మూటలు మోసే హమాలీలు నా నీడలో బీడీ కాల్చుకునేవారు. ఎదురుగా ఒక కుట్టుమిషను, పక్కన గోళీసోడా బండి. దసరాల్లో మూలా నక్షత్రం నాడు అమ్మవారి సరస్వతీ అలంకారం చూడ్డానికి జేబుల్లో కలాలు పెట్టుకుని పరిగెత్తే పిల్లలూ నా పక్క నుంచే పోయేవారు.

వీధిలో బడి మొహం చూడని ఆడవాళ్లు చాలామంది. అయినా పొద్దున్నే బడిలో ఎక్కాలు మొదలైతే, ఇటు చేటలో బియ్యం చెరుగుతూ వాళ్ల పెదాలూ కదిలేవి. గాజులమ్ముకునే ఒకావిడకు పదమూడో ఎక్కం అలాగే వచ్చింది. బేరంలో ఆవిణ్ణి మోసం చెయ్యడం ఎవరి తరమూ కాలేదు. "మేం బడికి పోలేదమ్మా, బడే మా ఇంట్లోకొచ్చేది" అనేది.

నీళ్ల సంగతికొస్తే, ఇక్కడి పిల్లల్లో సగం మంది కొండ మీది ఇళ్లవాళ్లు. మెట్లు దిగి బడికొచ్చేవారు. వాళ్ల తల్లులు బిందెలతో అవే మెట్లు ఎక్కేవారు. కింద పంపు వచ్చే కాసేపట్లో పట్టుకున్న నీళ్లే రోజంతా. బడిలో పంపు ఉండేది గానీ అది దాని ఇష్టం. బెజవాడ ఎండలు తెలియనివెవరికి? మార్చి దాటితే ఒంటిపూట బళ్లే అయినా, పదింటికే పిల్లల నాలుకలు ఎండిపోయేవి. గేటు బయటకెళ్లి ఇళ్ల ముందు నిలబడేవారు. కొన్ని ఇళ్లవాళ్లు చెంబు చేతికిచ్చేవారు. కొన్ని ఇళ్లలో ముందు "ఎవరి పిల్లాడివిరా?" అన్న ప్రశ్న వచ్చేది. జవాబు విని దోసిట్లోకి పైనుంచి పోసేవారు. ఆ దోసిళ్లు కూడా నేను చూశాను.

1969 మే నెలలో మచిలీపట్నం వైపు నుంచి పెద్ద తుపాను వచ్చింది. అప్పుడు బడికి వేసవి సెలవులు. వీధిలో తలుపులన్నీ బిగించుకున్నారు. వాననీరు తూములో పట్టక పొంగి, దాని పైనున్న ఇటుక నాని ఊడి కొట్టుకుపోయింది. చూసినవాళ్లు లేరు. జూన్‌లో బడి తెరిచేసరికి నాలో ఒక కన్నం ఉంది. చిన్న పిల్లాడి చెయ్యి మోచేతి దాకా దూరేటంత.

ఆ కన్నానికి సరిగ్గా అవతల ఒక అరుగు. ఆ ఇంట్లోకి కొత్తగా కాపురానికి వచ్చిన ఒకావిడ, చంకలో చంటిపిల్ల. ఓ రోజు కన్నంలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, "పిన్నీ, నీళ్లు" అంది. ఆవిడ సత్తుగ్లాసు నింపి ఆ చేతిలో పెట్టింది. మర్నాడు ఇంకో చెయ్యి. ఆ తర్వాత వరస. కన్నంలోంచి మొహం కనపడదు, చెయ్యి ఒక్కటే కనపడుతుంది. చేతికి ఇంటిపేరుండదు. అందుకని ఎవరి పిల్లాడివన్న ప్రశ్న ఆ కన్నం దగ్గర పుట్టనే లేదు.

ఆ రోజుల్లో కేర్ సంస్థ వాళ్ల పాలపొడి, మొక్కజొన్న పిండి బళ్లకు వచ్చేవి. మధ్యాహ్నం పచ్చటి ఉప్మా వండి పెట్టేవారు. ఆకులో ముద్దంత ఉప్మా పెట్టుకున్న చెయ్యి ఒకటి ఓ మధ్యాహ్నం కన్నంలోంచి వచ్చింది. "చంటిదానికి పిన్నీ." గ్లాసు లోపలికి, ఉప్మా బయటికి. ఇలా కొన్నేళ్లు నడిచింది. బంతి వచ్చి పెంకులు పగిలినప్పుడు తిట్లు కూడా అటునుంచి ఇటు వచ్చేవి. అవి పైనుంచి వచ్చేవి.

తర్వాత్తర్వాత పిల్లలు రాత్రిళ్లు దూకుతున్నారని నా నెత్తిన సోడాసీసాల పెంకులు గుచ్చారు. పేటలో కాన్వెంట్లు వచ్చాయి, బడిలో పిల్లలు పల్చబడ్డారు. 2019 తర్వాత 'నాడు-నేడు' పనుల్లో నాకు సిమెంటు పూత పూసి, రంగులేసి, కార్టూన్ బొమ్మలు గీశారు. అందంగానే ఉన్నాను. కన్నం మాత్రం పూడిపోయింది. తాపీ పనివాడు రెండు అర ఇటుకలు కూరి, పైన బోర్డు కర్రతో చదును చేసి పోయాడు. తప్పు అతనిది కాదు, కన్నం కనపడితే పూడ్చడమే అతని పని.

2025 సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం గేటుకి ఫ్లెక్సీ కట్టారు. 1978 టెన్త్ బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం. అరవై దాటినవాళ్లు నలభై మంది దాకా వచ్చారు. హైదరాబాద్ నుంచి ఒకరు, అమెరికా నుంచి ఒకరు, ఎక్కువమంది ఊళ్లోంచే. బ్యాచ్ ఫొటో దాచుకున్న ఒకే ఒక్కడి ఇల్లు సింగ్‌నగర్‌లో. అంతకు ముందు సెప్టెంబరులో బుడమేరు వరద ముంచినప్పుడు ఆ ఫొటో పోయింది. ఇక జ్ఞాపకాలకు ఆధారం నోళ్లే. ఒకాయన మనవడికి చూపిద్దామని నాకు వీపు ఆనించి గోడకుర్చీ వేశాడు. పది లెక్కపెట్టకముందే లేవదీయాల్సి వచ్చింది. అదే వణుకు. గుర్తుపట్టాను.

టిఫిన్‌లో ఇడ్లీ, గారె, ఉప్మా. ఉప్మా చూడగానే కన్నం మాట వచ్చింది.

"ఇక్కడే ఉండేదిరా. మనకి నీళ్లివ్వడానికి పిన్నే పచ్చడిబండతో ఇటుక ఊడగొట్టింది."

అవతల అరుగు మీద ఎండకు కూర్చున్న ముసలావిడకు ఆ మాట వినపడింది. వయసు ఎనభై దాటింది గానీ చెవులు మంచివి. "నేనెక్కడ కొట్టానురా! మా చంటిదానికి ఉప్మా పెట్టడానికి మీరే కొట్టారు!" అని అరిచింది.

లోపల నవ్వులు. "కాదు పిన్నీ, నువ్వే." "కాదర్రా, మీరే." పుణ్యాన్ని ఇటువాళ్లు అటు తోస్తున్నారు, అటువాళ్లు ఇటు తోస్తున్నారు. ఇచ్చినది ఎవరికీ గుర్తు లేదు, పుచ్చుకున్నదే గుర్తుంది. తుపాను సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

ఆ నవ్వుల మధ్య ఒకాయన మాత్రం గేటు కేసి నడిచి, వీధి చివర ఒక ఇంటి గుమ్మాన్ని కాసేపు చూసి వెనక్కి వచ్చాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ గుమ్మం ముందు దోసిలి పట్టిన పిల్లాడు అతనే. వచ్చి, ఒక ప్లేటు నిండా ఉప్మా పెట్టించుకుని, బెంచీ నా దగ్గరికి లాగి, మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కాడు. గేటు నుంచి చుట్టూ తిరిగి వెళ్తే రెండు నిమిషాలు. ఆ మాట అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి, నా నెత్తిన గాజు పెంకుల మీద పరిచాడు. దాని మీద ప్లేటు పెట్టాడు.

అటు ఆనాటి చంటిపిల్ల, ఇప్పుడు జుట్టు నెరిసిన మనిషి, అరుగెక్కి ప్లేటు అందుకుంది. ముసలావిడ గోడ పట్టుకుని లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"ఎవర్రా నువ్వు?"

అతను పేరు చెప్పబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"పేర్లూ మొహాలూ నాకేం తెలుసురా. చేతులు పెట్టండి, చూస్తాను."

బెంచీ మీదికి ఇంకో ఇద్దరు ఎక్కారు. తువ్వాలు మీద నుంచి మూడు చేతులు వీధిలోకి చాచుకున్నాయి. ఒకదానికి ఉంగరం. ఒకదాని వేలి కొసన, పొద్దున షుగర్ పరీక్షకు గుచ్చిన ఎర్రటి చుక్క. మూడోది కొంచెం వణుకుతోంది. ఆవిడ అరుగు మీద మునివేళ్ల మీద నిలబడి ఒక్కొక్కటే తడిమి చూస్తోంది.

గాజు పెంకులు తువ్వాలు కిందే ఉండిపోయాయి.