పరిశోధనకి మార్కులు వేయాల్సింది రైతు

మా రోజుల్లో వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన మంచిదో కాదో తేల్చడానికి కమిటీలు అక్కర్లేదు. సార్వా కోతలయ్యాక మా రాయవరం కళ్లాల్లో ఎకరానికి ఎన్ని బస్తాలయిందో అడిగితే తేలిపోయేది.

గోదావరి దాటి పడమటికెళ్తే మారుటేరు. అక్కడి వరి పరిశోధనా కేంద్రాన్ని 1925లో పెట్టారు. వశిష్ఠ, మసూరి రకాల్ని కలిపి తీసిన ఎంటీయూ 7029 అక్కడిదే. 1982లో స్వర్ణ పేరుతో బయటికొచ్చింది. ఎత్తుగా పెరిగే మసూరి, ఎరువు కాస్త ఎక్కువైతే పడిపోయేది. స్వర్ణ పొట్టిగా నిలబడింది, తక్కువ ఎరువుతోనూ పండింది. ఒరిస్సా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ పొలాలకీ పాకింది. తర్వాత 2000లో ఎంటీయూ 1010 వచ్చింది. నాలుగు నెలల్లో చేతికొచ్చే పంట, సుడిదోమని తట్టుకునే రకం. దానికి కాటన్‌దొర సన్నాలని పేరు పెట్టారు.

కొత్త రకాన్ని విడుదల చేసేముందు చిరుసంచుల్లో విత్తనమిచ్చి రైతు పొలంలోనే వేయించేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. గింజ రాలితే రైతు, నూక ఎక్కువైతే మిల్లరు, అన్నం ముద్దయితే ఇంట్లో ఆడవాళ్లు మొహమాటం లేకుండా చెప్పేస్తారు. అంతకంటే పెద్ద పరీక్ష ఇంకేముంటుంది?

ఇప్పుడు ఎక్కడ చూసినా యూనివర్సిటీల ర్యాంకుల గోలే. 2016లో మొదటి ర్యాంకులిచ్చిన కేంద్ర ప్రభుత్వం వారి ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో యూనివర్సిటీ పరిశోధనకి నూటికి 30 మార్కులు. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి, వాటిని ఎందరు ఉదహరించారు, పేటెంట్లెన్ని, ప్రాజెక్టుల డబ్బెంత అని చూస్తారు. అవుట్‌రీచ్ అంటూ మరో 10 మార్కులున్నాయి. అవి విద్యార్థుల్లో ఆడపిల్లలెందరు, పేదపిల్లలెందరు, పై రాష్ట్రాల వాళ్లెందరు అన్న లెక్కకి. ఆ లెక్క అవసరమే. కానీ ఆ పరిశోధన వల్ల ఊరికి ఏం ఒరిగిందన్న ప్రశ్న అడిగేదెవరు? బ్రిటన్‌లో యూనివర్సిటీ పరిశోధనల 2014 మదింపులోనే సమాజం మీద ప్రభావానికి 20 శాతం విలువిచ్చారు. 2021లో దాన్ని 25 శాతం చేశారు.

అయితే బస్తాల లెక్కొక్కటీ చాలదు. అది 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, సార్వాకి వేల ఎకరాలు బీడు పెట్టినప్పుడే తెలిసింది. మంచి విత్తనం లేక కాదు. మురుగు కాలవలు పూడి చేలు మునిగిపోతున్నాయి, ఖర్చులు పెరిగాయి, ధర గిట్టలేదు. ఇంకో సంగతి, విత్తనం వెదజల్లే పద్ధతి, కోత మిషన్లు రైతుకి ఖర్చు తగ్గించాయి. నాట్లకీ కోతలకీ వెళ్లే ఆడకూలీల పనిదినాలు వాటితోనే తగ్గాయి. లాభం రాసిన కాగితంలో ఈ నష్టమూ రాయాలిగా!

యూనివర్సిటీ పెద్దలకి నాదొక్కటే మాట. రకాన్ని విడుదల చేసి చేతులు దులుపుకోకండి. అయిదేళ్లయ్యాక మళ్లీ రండి. సొంత రైతుతోపాటు కౌలు రైతునీ, ఆడకూలీనీ, మిల్లరునీ అడగండి. వాళ్లు చెప్పింది తెలుగులో రాసి రైతు సేవా కేంద్రం గోడకి అంటించండి. మీకు జీతం, పొలం, ప్రయోగశాల ఇచ్చింది జనం డబ్బు. ఫలితమేంటో ముందుగా తెలియాల్సిందీ ఆ జనానికే.