అరవై వేల చప్పుడు

గుండ్లకమ్మ ఒడ్డున ఆ ఊరి చర్చిలో పాటల బృందానికి పెద్దదిక్కు హార్మోనియం తాత. ఎనభై దాటాయి. ఆదివారం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి, కీర్తన ఎత్తుకునే ముందు దాని రాగం, తాళం పైకి చదువుతాడు. కుర్రాళ్లు నవ్వుకుంటారు. ఆయన మానడు.

బృందం చరిత్ర అడిగితే 1878 నుంచి మొదలుపెడతాడు. కరువు రోజులు. ఆ జులై 3న ఇదే ఏట్లో, ఒంగోలు మిషన్ క్లౌ దొర హయాంలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో తాత ముత్తాత ఒకడట. మాదిగపల్లెలో డప్పుకు ఆయనే మొనగాడు. దేవర ముందు కొట్టాలి, శవం ముందు కొట్టాలి, పిలిస్తే పరుగెత్తాలి. క్రీస్తును నమ్ముకున్నవాళ్లు విగ్రహాల ముందు కొట్టకూడదని మిషన్ కట్టడి. అలా మానేసిన పల్లెలకు బావులూ అంగళ్లూ బందుపెట్టిన ఊళ్లున్నాయి. అయినా ఆయన లొంగలేదు. డప్పు పగలగొట్టి పొయ్యిలో పెట్టాడు.

తర్వాత హార్మోనియం వచ్చింది. పారిస్‌లో పుట్టి, కలకత్తాలో కాళ్లు తీయించుకుని నేలమీద చతికిలబడిన పెట్టె. పరాయి సరుకని 1940లో ఆలిండియా రేడియో వెళ్లగొట్టిన ఆ పెట్టెను ఈ పల్లె మాత్రం నెత్తిన పెట్టుకుంది.

"మనోళ్లు కూర్చుని వాయించిన మొదటి వాయిద్యంరా ఇది" అంటాడు తాత. ఆ మాట దగ్గర మాత్రం ఎవరూ నవ్వరు.

ఈసారి క్రిస్మస్‌కి సంఘం చందాలేసుకుని జపాన్ ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ కొంది. అరవై వేలు. కాగితం మీద తాతే మొదటి సంతకం పెట్టాడు, కుర్రాళ్ల పోరు పడలేక.

అర్ధరాత్రి ఆరాధనలో రెండో పాటకి చర్చి ఊగిపోయింది. ముసలమ్మలు కూడా లేచి చప్పట్లు కొట్టారు. తాత వేళ్లు హార్మోనియం మెట్ల మీద ఆగిపోయాయి. సెగ చూపించిన తోలు మీద సిర్ర దెబ్బ, దాని వెంట చిటికెన పుల్ల. ఒళ్లు ఝల్లుమంది.

పాట అయ్యాక ప్యాడ్స్ కుర్రాణ్ణి పక్కకి పిలిచాడు.

"ఏందిరా ఆ మోత?"

"డప్పు తాతా. దీంట్లోనే ఉంటది. సెగ గూడా అక్కర్లా, ప్లగ్గు పెడితే చాలు."

తాత కళ్లు తుడుచుకున్నాడు. "నూటయాభై ఏళ్లకు మళ్లీ విన్నానురా ఈ గుళ్లో. ముందే చెబితే అసలుదే తెచ్చుకునేవాళ్లం గదరా! అరవై వేలెందుకు తగలేశారు?"

కుర్రాడు తీగలు చుట్టడం ఆపలేదు.

"పోయిన పండక్కి మా నాయన డప్పు తెచ్చా తాతా. ఆ తోలు లోపలికి రాకూడదని గుమ్మం కాడే ఆపింది నువ్వే."